తక్కువ ఖర్చులో హై కంప్రెషన్ ఇంజన్: పిస్టన్‌ను లేత్ ఎక్కించే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ లెక్కలన్నీ పాత మారుతి 800 కార్బ్యురేటర్ ఇంజన్ మీద వేసి చూపిస్తున్నాను. మూడు సిలిండర్లు, 796 సీసీ, 68.5 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 72 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కింది నుంచి పైదాకా కదిలే దూరం), కంపెనీ ఇచ్చిన కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె, 8.7. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినా సామాను ఇంకా దొరుకుతుంది, ధర చేతికి అందుతుంది, ఏ ఆటోనగర్‌లోనైనా ఆ ఇంజన్ విప్పి బిగించిన మెకానిక్ ఉంటాడు. ఆటోక్రాస్ కోసమో, ట్రాక్ కోసమో మొదటిసారి ఇంజన్ కట్టుకునే కుర్రాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. మీది వేరే ఇంజనైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

కంప్రెషన్ పెంచితే నిజంగా ఎంత పవర్ వస్తుంది?

మీరు అనుకున్నంత రాదు. పుస్తకంలో ఉండే ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజన్ పనిచేసే చక్రం) సూత్రం ప్రకారం 8.7 దగ్గర ఇంజన్ సామర్థ్యం దాదాపు 57.9 శాతం, 9.8 దగ్గర 59.9 శాతం. నిజం ఇంజన్ ఈ అంకెలకు చాలా కింద ఉంటుంది గానీ రెండింటి మధ్య తేడా నిష్పత్తి మాత్రం పనికొస్తుంది. అది సుమారు మూడున్నర శాతం. 37 హార్స్‌పవర్ ఇంజన్ మీద మూడున్నర శాతం అంటే ఒక హార్స్‌పవర్ కంటే కాస్త ఎక్కువ. అక్కడి నుంచి 11కి వెళ్తే ఇంకో మూడు శాతం.

మరి ఎందుకు ఇంత శ్రమ? కిందనుంచి లాగే శక్తి పెరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే బండి స్పందిస్తుంది. పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) వేసేవాళ్ళకు ఇది అవసరం కూడా. క్యామ్ వల్ల ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, ఆ లోపు కొంత గాలి వెనక్కి పోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్ నీరసపడుతుంది. ఆ లోటును రేషియో పెంచి పూడుస్తారు. పోర్టులు, కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ అలాగే ఉంచేసి పిస్టన్ ఒక్కటీ మార్చి పది హార్స్‌పవర్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నా ఇంజన్ ఇప్పుడు ఏ రేషియోలో ఉందో ఎలా తెలుసుకోవాలి?

కొలవాలి. మాన్యువల్‌లో అంకె కొత్త ఇంజన్‌ది. మీ చేతికొచ్చిన ఇంజన్ హెడ్‌ను ఇప్పటికే ఎవరో రెండుసార్లు ఫేసింగ్ చేయించి (అడుగు తలం కోయించి) ఉండొచ్చు, వేరే మందం గ్యాస్కెట్ వేసి ఉండొచ్చు.

ఒక్క సిలిండర్‌లో పిస్టన్ కింది నుంచి పైదాకా ఊడ్చే చోటు 265.3 సీసీ. పిస్టన్ పైకొచ్చాక మిగిలిన చోటును దీనికి కలిపి, ఆ మొత్తాన్ని మళ్ళీ ఆ మిగిలిన చోటుతోనే భాగిస్తే వచ్చేదే రేషియో. కాబట్టి కొలవాల్సింది ఆ మిగిలిన చోటు. అది నాలుగు ముక్కలు.

మొదటిది హెడ్‌లో ఉన్న చాంబర్. వాల్వులు, ప్లగ్ బిగించి హెడ్‌ను తిరగేసి లెవెల్‌గా పెట్టండి. అంచు చుట్టూ పల్చగా గ్రీజు రాసి, రంధ్రం పెట్టిన అక్రిలిక్ ముక్కతో మూసి, ఆ రంధ్రంలోంచి బ్యూరెట్‌తో కిరోసిన్ పోయండి. గాలి బుడగ మిగలకుండా నిండేసరికి ఎన్ని సీసీలు పోశారో అదే చాంబర్ ఘనపరిమాణం. కాలేజీ ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో బ్యూరెట్ దొరుకుతుంది. మొత్తం ప్రాజెక్టులో ఇంత చవకగా ఇంత ఉపయోగపడే పరికరం ఇంకోటి లేదు.

రెండోది గ్యాస్కెట్. దాని రంధ్రం వ్యాసం, బిగించాక నొక్కుకుపోయిన మందం కావాలి. కొత్త గ్యాస్కెట్ మందం కాదు, విప్పిన పాత గ్యాస్కెట్‌ను రంధ్రం అంచు దగ్గర మైక్రోమీటర్‌తో కొలవండి.

మూడోది పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాక్ అంచుకు ఎంత కింద ఆగుతుందన్నది. డయల్ గేజ్‌తో కొలిచేటప్పుడు గజన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్) ఉన్న వరుసలోనే కొలవండి. మిగతా చోట పిస్టన్ అటూ ఇటూ ఊగి తప్పు అంకె చూపిస్తుంది.

నాలుగోది పిస్టన్ తల మీద ఉన్న గుంటలు, ఉబ్బులు. పిస్టన్ అంచును బ్లాక్ పైతలం నుంచి సరిగ్గా 10 మి.మీ. కిందికి దించి, చుట్టూ గ్రీజు పట్టించి, అక్రిలిక్ మూసి కిరోసిన్ పోయండి. తల చదునుగా ఉంటే 36.85 సీసీ పట్టాలి. 38.25 పట్టిందనుకోండి, గుంట 1.4 సీసీ ఉందన్నమాట. తక్కువ పడితే ఆ తేడా ఉబ్బుది.

ఉదాహరణకు చాంబర్ 27 సీసీ వచ్చింది. గ్యాస్కెట్ రంధ్రం 70 మి.మీ., మందం 1.2 అయితే 4.6 సీసీ. పిస్టన్ 0.4 మి.మీ. కింద ఆగితే 1.47 సీసీ. గుంట 1.4. మొత్తం 34.47, రేషియో 8.7. ఇవి పద్ధతి చూపించడానికి వేసిన అంకెలు. మీ ఇంజన్‌లో మూడు సిలిండర్లకు మూడు రకాలుగా వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ రేషియో ఏ సిలిండర్‌లో వస్తుందో దాన్ని పట్టుకుని లెక్క వేయండి, ఎందుకంటే నాకింగ్ (చివర్లో మిగిలిన మిశ్రమం మంట చేరకముందే దానంతట అదే పేలడం) మొదలయ్యేది అక్కడే.

మన పెట్రోల్‌కు ఎంత రేషియో దాకా వెళ్ళొచ్చు?

పాత రెండు వాల్వుల చాంబర్, కార్బ్యురేటర్, నాక్ సెన్సర్ లేని ఇగ్నిషన్ ఉన్న ఇంజన్‌కు నా మాట 9.5. స్క్విష్ (పిస్టన్ అంచుకు, హెడ్‌కు మధ్య సన్నటి ఖాళీ, కింద వివరంగా ఉంది) బాగా కుదిరి, స్పార్క్ టైమింగ్ మీద శ్రద్ధ పెట్టేవాళ్ళకు 10. ఆ పైన డబ్బులు, ఓపిక, మంచి పెట్రోల్ మూడూ కావాలి.

మనకు ఏళ్ళ తరబడి బంకుల్లో దొరికిన మామూలు పెట్రోల్ 91 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలమానం). ఇప్పుడొస్తున్న ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు, ప్రమాణం 95. ఇథనాల్ ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది కాబట్టి నాకింగ్ విషయంలో మనకు మంచిదే. కానీ రెండు చిక్కులున్నాయి. ఇథనాల్‌కు మండడానికి గాలి తక్కువ చాలు, అంటే అదే జెట్‌తో (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం) మిశ్రమం పల్చబడుతుంది. పల్చటి మిశ్రమం, ఎక్కువ కంప్రెషన్ కలిస్తే పిస్టన్ తల కరుగుతుంది. మెయిన్ జెట్ పెంచకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. రెండోది పాత రబ్బరు. కార్బ్యురేటర్ డయాఫ్రం, పైపులు ఈ20కి తట్టుకునే రకం వేయండి. ఎక్స్‌పీ95, ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోళ్ళు పెద్ద ఊళ్ళలో దొరుకుతాయి, కానీ ప్రతి ఈవెంట్‌కూ అదే దొరుకుతుందన్న నమ్మకం మీద రేషియో నిర్ణయించుకోకండి.

వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి పీడనం విజయవాడతో పోలిస్తే ఐదారు శాతం తక్కువ. డిసెంబర్‌లో అక్కడ నిశ్శబ్దంగా తిరిగిన ఇంజన్ మే నెలలో బెజవాడ ఎండలో గలగలమంటుంది. ఎండాకాలానికి సరిపడేలా కట్టండి.

కంప్రెషన్ కోసం పిస్టన్ కోయాలా, హెడ్ కోయాలా, బ్లాక్ కోయాలా?

ఈ పేజీ మొత్తానికి ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిస్టన్‌ను కోస్తే లోహం తగ్గుతుంది, చోటు పెరుగుతుంది, రేషియో పడిపోతుంది. అంటే మామూలు పిస్టన్‌ను లేత్ ఎక్కించి కంప్రెషన్ పెంచడం కుదరదు. పిస్టన్ మీద చేసే పని అంతా వేరే చోట పెంచిన కంప్రెషన్‌కు దారి ఇవ్వడానికే: వాల్వ్ తగలకుండా, తల హెడ్‌ను కొట్టకుండా, పదును అంచులు ఎర్రబడకుండా.

పెంచే పని బ్లాక్, గ్యాస్కెట్, హెడ్ చూసుకుంటాయి. బ్లాక్ పైతలం నుంచి 0.1 మి.మీ. తీస్తే బోర్ మొత్తం వైశాల్యం మీద తగ్గుతుంది, అంటే 0.37 సీసీ. హెడ్ నుంచి అదే 0.1 తీస్తే చాంబర్ నోరు ఎంత ఉందో అంతే తగ్గుతుంది. నోరు వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లయితే 0.28 సీసీ. చాలామంది రెండూ ఒకటే అనుకుని హెడ్ ఫేసింగ్ చేయించి, రేషియో ఎందుకు రాలేదని ఆశ్చర్యపోతారు.

పై ఉదాహరణలో 8.7 నుంచి 9.5కు వెళ్ళాలంటే మిగిలిన చోటు 34.47 నుంచి 31.2 సీసీకి రావాలి. 3.27 సీసీ తగ్గించాలి. బ్లాక్ నుంచి 0.4 మి.మీ. తీసి పిస్టన్‌ను అంచుకు సమానం చేస్తే 1.47 పోతుంది. మిగిలిన 1.8 కోసం హెడ్ నుంచి 0.64 మి.మీ. అంతే, పిస్టన్‌ను ముట్టుకోకుండానే పని అయిపోయింది.

కానీ ఇప్పుడు వాల్వులు పిస్టన్‌కు 1.04 మి.మీ. దగ్గరకొచ్చాయి. క్యామ్ షాఫ్ట్ కూడా క్రాంక్‌కు అంతే దగ్గరకొచ్చింది కాబట్టి టైమింగ్ బెల్ట్ లాగే వైపు వదులైనంత మేర క్యామ్ వెనకబడుతుంది, క్రాంక్ మీద చూస్తే ఒకటి రెండు డిగ్రీలు. డిగ్రీ వీల్ (క్రాంక్ ఎంత తిరిగిందో చూపే డిగ్రీల చక్రం) పెట్టి చూసి, అవసరమైతే క్యామ్ పుల్లీని కాస్త తిప్పి బిగించేలా చేయించి సరిచేయాలి.

కంపెనీ కాస్ట్ పిస్టన్ సరిపోతుందా? ఫోర్జ్డ్ కొనాలా?

టర్బో, నైట్రస్ లేకుండా, 10 లోపు రేషియోతో, నాకింగ్ లేకుండా చూసుకుంటే మంచి కంపెనీ కాస్ట్ పిస్టన్ సరిపోతుంది. మన దేశంలోనే ఇండియా పిస్టన్స్, గోయెట్జె, శ్రీరామ్ పిస్టన్స్ లాంటి పాత సంస్థలు దశాబ్దాలుగా చేస్తున్నాయి. నకిలీ పెట్టెలు మాత్రం జాగ్రత్త. బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి.

మామూలు కాస్ట్ పిస్టన్‌లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది. వేడికి తక్కువ ఉబ్బుతుంది, గట్టిగా ఉంటుంది, కానీ పెళుసు. నాకింగ్ దెబ్బలకు రింగ్ గాళ్ళ మధ్య ఉండే సన్నటి గోడ విరిగి ఊడుతుంది. ఫోర్జ్డ్‌లో 2618 రకం మిశ్రమంలో సిలికాన్ దాదాపు లేదు. అది విరగకముందు వంగుతుంది, కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి బోర్‌లో ఎక్కువ ఖాళీ ఇవ్వాలి, చల్లగా ఉన్నప్పుడు టకటక చప్పుడు చేస్తుంది. 4032 రకం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఫోర్జ్డ్ పిస్టన్‌ను కాస్ట్ పిస్టన్ క్లియరెన్స్‌తో బిగిస్తే మొదటి వేడికే పట్టేస్తుంది.

పిస్టన్ తలను ఎంత వరకు కోయొచ్చు?

ముందు ఎంత మందం ఉందో తెలియాలి. పైనుంచి చూస్తే తెలియదు. పిస్టన్‌ను తిరగేసి లోపలి నుంచి కొలవాలి. చదునైన టేబుల్ మీద తల కిందికి పెట్టి, డెప్త్ గేజ్‌తో స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) అంచు నుంచి లోపలి అడుగు దాకా కొలవండి. పిస్టన్ మొత్తం ఎత్తులోంచి అది తీసేస్తే తల మందం వస్తుంది. ఒక్క చోట కాదు, ముఖ్యంగా వాల్వ్ పాకెట్ (వాల్వ్ తగలకుండా తలలో తవ్వే గుంట) రాబోయే చోట కింద ఎంత ఉందో చూడండి. కొన్ని పిస్టన్లకు లోపల ఊతంగా నరాలుంటాయి, వాటి మధ్యన పల్చగా ఉంటుంది. ఆ పల్చటి చోటే మీ లెక్క.

నాలుగు స్ట్రోకుల పెట్రోల్ ఇంజన్లలో తల మందం మామూలుగా బోర్‌లో 6 నుంచి 10 శాతం ఉండేలా డిజైన్ చేస్తారు. 68.5 బోర్‌కు అది 4.1 నుంచి 6.9 మి.మీ. కాస్ట్ పిస్టన్‌తో హై కంప్రెషన్ చేస్తూ 5 మి.మీ. కిందికి వెళ్ళొద్దని నా సలహా. మీ పిస్టన్ అసలే నాలుగున్నర ఉంటే దాన్ని కోయకండి, ఇంకో దారి చూడండి. కోసిన ఉపరితలం నుంచి మొదటి రింగ్ గాడి వరకు ఎంత లోహం మిగులుతుందో కూడా చూడాలి. పైరింగ్ మీది గోడ పల్చబడితే ఆ రింగ్ వేడిని మోయలేదు.

వాల్వ్ పాకెట్లు లోతు చేయించాలంటే ఎలా?

తక్కువ ఖర్చు ఇంజన్‌లో పిస్టన్ మీద న్యాయంగా చేయాల్సిన పని ఇదొక్కటే, కాబట్టి దీనికి సమయం ఇవ్వండి.

కోయడానికి ముందు అసలు అవసరమో కాదో చూడాలి. పిల్లలు ఆడుకునే క్లేను పిస్టన్ తల మీద వాల్వులొచ్చే చోట పరిచి, పైన కాస్త నూనె రాయండి. వాడబోయే గ్యాస్కెట్‌నే వేసి హెడ్ బిగించి, టైమింగ్ బెల్ట్ పెట్టి, ట్యాపెట్ గ్యాప్ సరిచేసి, స్పానర్‌తో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయండి, బలవంతం చేస్తే వాల్వ్ వంగుతుంది. హెడ్ విప్పి క్లేను బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్న చోట కొలవండి.

ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వ్ వేడికి పొడుగవుతుంది, పైగా పిస్టన్ దాన్ని తరుముకుంటూ పైకొస్తుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో స్ప్రింగ్ ఓడిపోయి వాల్వ్ ఒక్క క్షణం గాల్లో తేలిందంటే మొదట దెబ్బ తగిలేది అక్కడే. వాల్వ్ అంచుకు, పాకెట్ గోడకు మధ్య పక్కన కూడా 1.3 నుంచి 1.5 మి.మీ. ఖాళీ కావాలి. ఇది చాలామంది మర్చిపోతారు. వాల్వ్, పిస్టన్ అతి దగ్గరయ్యేది పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు కాదు. ఎగ్జాస్ట్ దానికి పది డిగ్రీల ముందు, ఇన్‌టేక్ పది డిగ్రీల తర్వాత, అటూ ఇటుగా. అందుకే పిస్టన్ పైన పెట్టి ఒక్కసారి చూసి సరే అనుకుంటే చాలదు.

పాకెట్ కోయించేది మిల్లింగ్ మెషిన్ మీద, వాల్వ్ వాలిన కోణంలోనే పిస్టన్‌ను వాల్చి బిగించి. చేత్తో గ్రైండర్ పెట్టి తవ్వడం వద్దు. లోతు మూడు పిస్టన్లలో మూడు రకాలవుతుంది, గీతలు పడ్డ చోట పగులు మొదలవుతుంది. పిస్టన్‌ను స్కర్ట్ పట్టుకుని వైస్‌లో బిగించినా పాడైనట్టే. స్కర్ట్ గుండ్రంగా ఉండదు, చూపుకు తెలియని కోలగా తయారు చేస్తారు, నొక్కితే ఆ ఆకారం పోతుంది. గజన్ పిన్ రంధ్రం ఆధారంగా ఫిక్సర్ చేసి పట్టుకునే షాపు వెతకండి. అలాంటి మెషిన్ షాపులు విజయవాడ ఆటోనగర్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఆ మనిషికి మీ కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పొద్దు.

పాకెట్ కోస్తే చోటు పెరుగుతుందని ముందే చెప్పాను. రెండు పాకెట్లూ కలిపి 0.8 సీసీ తవ్వితే మన 9.5 కాస్తా 9.3 అవుతుంది. పాకెట్ లెక్క తేలాకే హెడ్ ఎంత కోయాలో నిర్ణయించండి, ముందు కాదు.

అంచులు గుండ్రం చేయడం, పాలిష్ చేయడం అవసరమా?

అంచులు మాత్రం తప్పనిసరి. పదునైన అంచు వేడిని వదిలించుకోలేదు, ఎర్రబడి స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. దాన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు. నాకింగ్ కంటే అది భయంకరం, కొన్ని సెకన్లలో పిస్టన్‌కు కన్నం పెడుతుంది. కొత్తగా కోసిన ప్రతి అంచునూ సన్నటి ఆకురాయితో, తర్వాత 400 నంబర్ ఎమరీ కాగితంతో మెత్తగా చేయండి. హెడ్ చాంబర్‌లో కూడా అంతే. అద్దంలా మెరిపించడం మీ ఇష్టం, దానివల్ల పవర్ రాదు.

పిస్టన్ తల మీద అల్యూమినియం వెల్డింగ్ చేసి ఉబ్బు కట్టొచ్చా?

వద్దు. పిస్టన్ బలం దానికిచ్చిన హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉంది. అల్యూమినియం సిలికాన్ మిశ్రమం 577 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల బలం పోతుంది, రింగ్ గాళ్ళు వంకర పోతాయి. నడిచిన పిస్టన్ అయితే లోహంలో ఇంకిన నూనె వల్ల వెల్డింగ్ లోపల బుడగలు వస్తాయి. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల గుల్ల. ఎపాక్సీ, మెటల్ పుట్టీ గురించి అసలు ఆలోచించకండి.

పైగా పెద్ద ఉబ్బు మంచిది కూడా కాదు. ప్లగ్ దగ్గర పుట్టిన మంట ఉబ్బును దాటి అవతలి వైపు పోవడానికి ఆలస్యమవుతుంది. చదునైన తల, చిన్న చాంబర్ ఉన్న ఇంజన్ అదే రేషియో దగ్గర తక్కువ నాక్ అవుతుంది.

వేరే బండి పిస్టన్ వేస్తే చవకలో పని అవుతుందా?

కొన్నిసార్లు ఇదే మంచి దారి. గుంట ఉన్న పిస్టన్ తీసి చదును తల పిస్టన్ వేస్తే చాలా చోట్ల కావలసిన రేషియో వచ్చేస్తుంది. అయితే బోర్ సరిపోయినంత మాత్రాన కొనొద్దు. గజన్ పిన్ మధ్య నుంచి తల దాకా ఎత్తు ఎంతో, పిన్ వ్యాసం ఎంతో, కనెక్టింగ్ రాడ్ చిన్న కన్ను వెడల్పు పిస్టన్ లోపల పడుతుందో లేదో, స్కర్ట్ కిందికొచ్చినప్పుడు క్రాంక్ బరువులకు తగులుతుందేమో చూడాలి. పిన్ వ్యాసం తేడా ఉంటే బుష్ వేసి సరిపెట్టే షాపులున్నాయి, కానీ పిస్టన్ వైపు రంధ్రం పెద్దది చేయించకండి. ఆ గోడలు మోసే బరువు తల మోసేదానికి తక్కువేం కాదు.

పిస్టన్ మీద బాణమో, చుక్కో ఉంటే అది ఇంజన్ ముందు వైపుకు. పిన్ రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండదు, చప్పుడు తగ్గడానికి కొంచెం పక్కకు పెడతారు. వేరే ఇంజన్ పిస్టన్‌కు ముందు వైపు ఏదో దాని మాన్యువల్ చూసి నిర్ణయించుకోండి. పాత సర్‌క్లిప్‌లు (పిన్ పక్కకు జారకుండా పట్టే క్లిప్పులు) మళ్ళీ వాడొద్దు.

ఓవర్‌సైజ్ పిస్టన్ వల్ల కంప్రెషన్ బాగా పెరుగుతుందని కొందరంటారు. 0.50 ఓవర్‌సైజ్‌కు బోర్ 69 అయితే ఇంజన్ 808 సీసీ అవుతుంది, రేషియో 8.7 నుంచి 8.8 అవుతుంది. అంతే.

బరువు తగ్గించడానికి పిస్టన్ లోపల లోహం తీయొచ్చా?

పిన్ చుట్టూ ఉన్న లోహం, తల కింద ఊతం, రింగ్ గాళ్ళ వెనక భాగం ముట్టుకోకండి. స్కర్ట్‌కు రంధ్రాలు కొట్టడం కాస్ట్ పిస్టన్‌లో పగులుకు దారి. మూడు పిస్టన్ల బరువు ఒక గ్రాము లోపు సమానంగా ఉంటే చాలు. అందుకోసం బరువైన పిస్టన్ లోపల, స్కర్ట్ అడుగు అంచు దగ్గర దిట్టంగా ఉన్న చోట కొద్దిగా గీస్తే సరి. బంగారం షాపు రకం చిన్న డిజిటల్ త్రాసు దీనికి బాగా పనికొస్తుంది.

స్క్విష్ గ్యాప్ అంటే ఏమిటి, ఎంత పెట్టాలి?

పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని చదును అంచుకు, హెడ్ చదును భాగానికి మధ్య మిగిలే ఖాళీ. ఇది సన్నగా ఉంటే అక్కడున్న మిశ్రమం ఒక్కసారిగా ప్లగ్ వైపు చిమ్ముకుని వేగంగా కాలుతుంది, చివర్లో మిగిలి నాక్ అయ్యే మిశ్రమం తగ్గుతుంది. రేషియో పెంచుతూ నాకింగ్ తగ్గించుకునే ఒకే ఒక్క ఉచిత మార్గం ఇది.

ఈ సైజు ఇంజన్‌కు 0.9 నుంచి 1.1 మి.మీ. మంచిది. 0.7 కిందికి పోతే ఎక్కువ ఆర్‌పీఎంలో రాడ్ సాగి, పిస్టన్ ఊగి హెడ్‌ను ముద్దు పెట్టుకుంటుంది. 1.5 దాటితే ప్రయోజనం పోయినట్టే. మన ఉదాహరణలో మొదట 0.4, 1.2 కలిసి 1.6 ఉంది, అంటే ఆ లెక్కన స్క్విష్ దాదాపు పనిచేయనట్టే. బ్లాక్ తీశాక 1.2. కాస్త సన్నటి గ్యాస్కెట్ దొరికితే సరిగ్గా కుదురుతుంది. కొలవడానికి మెత్తటి సోల్డర్ తీగను పిస్టన్ అంచున పిన్ వరుసలో రెండు వైపులా పెట్టి, హెడ్ బిగించి తిప్పి, నలిగిన మందం చూడండి.

రింగ్ గ్యాప్, బోర్ క్లియరెన్స్ ఎంత పెట్టాలి?

పై రింగ్‌కు బోర్‌లో ప్రతి మిల్లీమీటర్‌కు 0.004 మి.మీ. చొప్పున 0.27 దగ్గర మొదలుపెట్టి, ట్రాక్ మీద గట్టిగా తిప్పేవాళ్ళు 0.30 పెట్టుకోండి. రెండో రింగ్‌కు కొంచెం ఎక్కువ. గ్యాప్ చాలకపోతే వేడికి రింగ్ కొనలు ఒకదాన్నొకటి తోసుకుని గాడి గోడను పీకేస్తాయి. కాస్త ఎక్కువైతే నష్టం ఏమంత ఉండదు. బోర్ క్లియరెన్స్ మాత్రం పిస్టన్ తయారుచేసినవాళ్ళు పెట్టె మీద ఏది రాశారో అదే. బోరింగ్ షాపుకు పిస్టన్లు ముందే ఇచ్చి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో నంబర్ వేయించి, ఒక్కోదానికి విడిగా హోనింగ్ చేయించండి.

కంప్రెషన్ టెస్టర్‌లో పీఎస్ఐ చూసి రేషియో చెప్పొచ్చా?

చెప్పలేం. క్యామ్, స్టార్టర్ వేగం, బ్యాటరీ, యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్నది అన్నీ ఆ అంకెను మారుస్తాయి. సిలిండర్ల మధ్య తేడా పట్టుకోవడానికి అది పనికొస్తుంది.

రోడ్డు మీద నడపొచ్చా?

రోడ్డు బండికి ఇది చేయొద్దు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే లాంటి చోట్ల నడపడానికి కట్టండి. పోటీకైతే పని మొదలుపెట్టకముందే ఆ క్లాసు రూల్స్ చదవండి. చాలా క్లాసుల్లో పిస్టన్, కంప్రెషన్ రెండింటికీ హద్దులుంటాయి.

డబ్బు తక్కువగా ఉంది. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి?

కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ బోల్టులు, గ్యాస్కెట్, ఆయిల్ పంపు: వీటి మీద బేరం వద్దు. మంచి బోరింగ్ షాపు ఇంకో రెండు వేలు ఎక్కువడిగినా ఇవ్వండి. మిగుల్చుకోవాలంటే ఫోర్జ్డ్ పిస్టన్లు, పైపై మెరుగులు వదిలేయండి. డయల్ గేజ్, డిగ్రీ వీల్ స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి, లేదా డిగ్రీ వీల్‌ను ప్రింట్ తీసి అట్టకు అంటించండి, పనిచేస్తుంది. గ్యాస్కెట్ లేకుండా బిగించడం, ఎక్కడో ఉన్న సందును రెండు గ్యాస్కెట్లతో కప్పడం లాంటి పొదుపు మాత్రం వద్దు.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఏం చూడాలి?

ఇగ్నిషన్ టైమింగ్‌ను కంపెనీ చెప్పినదానికంటే మూడు నాలుగు డిగ్రీలు వెనక పెట్టి మొదలుపెట్టండి. ప్లగ్ ఒక మెట్టు చల్లటి రకం వేయండి. మెయిన్ జెట్ కాస్త ఎక్కువ పోసేలా ఉంచి తర్వాత తగ్గించుకుంటూ రండి. బరువు మీద, తక్కువ ఆర్‌పీఎంలో పూర్తిగా తొక్కినప్పుడు గోళీలు గలగలలాడిన చప్పుడు వస్తే వెంటనే కాలు తీసేసి టైమింగ్ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించండి. ఎక్కువ ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ మోతలో ఆ చప్పుడు వినపడదు. అందుకే ప్లగ్ చూడటం నేర్చుకోవాలి. తెల్ల పింగాణీ మీద నల్లటి మిరియపు చుక్కల్లాంటివో, మెరిసే అల్యూమినియం పూసలో కనిపిస్తే పిస్టన్ కరిగి ఎగురుతోందని అర్థం. ఇంకో చుట్టు కూడా వేయొద్దు.

మొదటి ట్రాక్ రోజు తర్వాత హెడ్ విప్పి చూడటానికి ఒక గ్యాస్కెట్ డబ్బు పక్కన పెట్టుకోండి. పిస్టన్ తల మీద మసి సమంగా ఉందా, పాకెట్‌లో వాల్వ్ అంచు గీత ఏమైనా పడిందా, స్క్విష్ భాగంలో హెడ్ తగిలిన మెరుపు ఉందా చూడండి. అంచుల దగ్గర ఇసుక చల్లి కొట్టినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అది నాకింగ్ గుర్తు, రేషియోనో టైమింగ్‌నో తగ్గించాలి. ఇవేవీ లేకపోతే కొలతలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని కొత్త గ్యాస్కెట్‌తో మళ్ళీ బిగించేయండి.